రీల్స్‌కు లైకులు వస్తున్నాయి, వెబ్‌సైట్‌కు మాత్రం జనం రావడం లేదు. మీరేం చేస్తున్నారు?

పుట్టపాక మగ్గం:
అందరికీ నమస్తే. మాది సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాక. ఇంట్లో తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే గుడ్డ), డబుల్ ఇకత్ (పడుగు, పేక రెండు నూళ్లకూ ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే) చీరలు నేస్తారు. నాన్న మగ్గం మీద కూర్చుంటే అమ్మ ఆసు పోస్తుంది, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా చుడుతుంది. ఫోటోలు, వీడియోలు, అమ్మకం నేను చూసుకుంటాను. ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాం. ధరలు, నేత వివరాలు అన్నీ అందులో ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెడితే బాగానే చూస్తారు, ‘సూపర్’, ‘ధర ఎంత’ అని కామెంట్లు పెడతారు. సైట్ దాకా వచ్చేవాళ్లు చాలా తక్కువ. ప్రతి పోస్టు కింద లింక్ ఇస్తూనే ఉన్నాను. మన వైపు సైట్ నడుపుతున్నవాళ్లు ఏం చేస్తే జనం వచ్చారో చెప్పండి. యాడ్లకు డబ్బు పెట్టే స్తోమత ఇప్పుడైతే లేదు.

నల్లమల దారి, అచ్చంపేట:
చెల్లీ, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాతలో ఇచ్చిన లింక్‌ను నొక్కితే తెరుచుకోదు. చూసినవాళ్లు దాన్ని కాపీ చేసుకుని బ్రౌజర్‌లో వేసుకోవాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు. నొక్కితే తెరుచుకునే లింక్ బయోలో (ప్రొఫైల్ పైన మన గురించి రాసుకునే చోట) ఉంటుంది, 2023 నుంచి అక్కడ 5 దాకా పెట్టుకోవచ్చు. స్టోరీలో అయితే లింక్ స్టిక్కర్ ఉంది. యూట్యూబ్ షార్ట్స్‌దీ ఇదే సంగతి. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో ఇచ్చే లింకులు పనిచేయవు. పొడుగు వీడియో కింద ఇస్తే పనిచేస్తాయి. ముందు ఈ దారులు సరిచేసుకో.

రెండోది, నాకు జనం వచ్చింది లింక్ వల్ల కాదు, ప్రశ్న వల్ల. నా సైట్ నల్లమలలో చూడాల్సిన చోట్ల గురించి. సలేశ్వరం జాతర చైత్ర పున్నమి రోజుల్లో జరుగుతుంది, అడవిలోకి పోనిచ్చేది ఆ కొద్ది రోజులే. ఉగాది దాటగానే జనం వెతకడం మొదలుపెడతారు. రీల్‌లో లోయ, పైనుంచి పడే నీళ్లు చూపిస్తాను. బండి ఎక్కడిదాకా పోతుంది, అక్కడి నుంచి నడక ఎంత, పెద్దవాళ్లను తీసుకుపోవచ్చా, తాగే నీళ్లు ఎన్ని పట్టుకోవాలి, ఇవన్నీ సైట్‌లో ఉంటాయి. రీల్ చివర ‘పెద్దవాళ్లతో పోయేవాళ్లు దారి వివరాలు చూసుకోండి, లింక్ బయోలో ఉంది’ అంటాను. అలా వచ్చినవాళ్లు పేజీ మొత్తం చదువుతారు. అదే వీడియోను దసరాకు పెడితే లైకులొస్తాయి, సైట్‌కు ఎవరూ రారు. ఆ వివరం ఎవరికి ఎప్పుడు అవసరమో చూసి పెట్టాలి.

మిర్యాలగూడ షాపు:
నా అభిప్రాయం వేరు. అసలు సైట్ ఎందుకమ్మా? ధర అడిగినవాళ్లకు వాట్సాప్ నంబర్ ఇస్తే అక్కడే బేరం అయిపోతుంది కదా. మా బట్టల షాపు అట్లాగే నడుస్తోంది.

గద్వాల అంచు:
అన్నా, ఊళ్లో గిరాకీకి మీరన్నది సరిపోతుంది. మాకు చీర కొనేవాళ్లు బెంగళూరులో, అమెరికాలో ఉంటారు. పది చీరలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలంటే చాట్‌లో కుదరదు. ఇంకో సంగతి. మా చుట్టాల్లో ఒకరి పేజీ ఒక రోజు ఉన్నట్టుండి లాక్ అయింది. ఏళ్లుగా పోగేసుకున్న ఫాలోవర్లు, ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు రాలేదు. సొంత డొమైన్ ఉంటే వచ్చినవాళ్లు మన ఇంటికి వచ్చినట్టు. కాబట్టి పుట్టపాక చెల్లి చేస్తున్నది సరైన పనే, వదలొద్దు.

చెల్లీ, మా అనుభవం చెప్తాను. చీర ఫోటో మాత్రమే పెడితే ధర అడిగి వెళ్లిపోతారు. పని చూపిస్తే ఆగుతారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ మగ్గం మీదే ఎట్లా కలుస్తాయో చూపించిన వీడియో కింద జనం అడిగిన ప్రశ్నలనే తీసుకుని సైట్‌లో ఒక పేజీ రాశాం. మా సైట్‌కు ఇప్పటికీ ఎక్కువమంది ఆ పేజీ దారినే వస్తున్నారు. మీ దగ్గర అంతకన్నా గొప్ప సరుకు ఉంది. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించి నూలును సిద్ధం చేస్తారు కదా, అది ఎంతమందికి తెలుసు? తేలియా రుమాల్‌కు 2020లో జీఐ (ఆ ప్రాంతపు సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. మీ అమ్మగారు ఆసు పోసేటప్పుడు చేయి వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. వాళ్ల అమ్మ పడే ఇదే కష్టం చూసి చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు పోయడం గురించి ఒక వీడియో, సైట్‌లో ఒక పేజీ చేయండి.

ప్రింట్ వేసిన బట్టను ఇకత్ అని అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. అసలుదాన్ని ఎట్లా గుర్తుపట్టాలో రాయండి. తిరగేస్తే రెండు వైపులా డిజైన్ ఒకేలా కనబడాలి, గీతల అంచులు కాస్త అలుక్కున్నట్టు ఉండాలి. మోసపోతామేమో అన్న భయం ఉన్నవాళ్లు ఇలాంటి పేజీని వెతుక్కుంటూ వస్తారు, పక్కవాళ్లకూ పంపుతారు.

పింటరెస్ట్‌ను చిన్నచూపు చూడకండి. అక్కడ పెట్టిన ప్రతి ఫోటోకు సైట్ లింక్ తగిలించవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు రెండు రోజుల్లో కిందికి పోతుంది, పింటరెస్ట్ ఫోటో నెలల తరవాత కూడా ఎవరికో కనబడుతూనే ఉంటుంది.

పాలమూరు లెక్కలు, మహబూబ్‌నగర్:
నేను పదో తరగతి లెక్కల నోట్స్ సైట్ నడుపుతున్నాను. మాకు ఫేస్‌బుక్ కన్నా వాట్సాప్, టెలిగ్రామ్ పనిచేశాయి. అయితే వాట్సాప్ గురించి కొన్ని తెలుసుకోవాలి. మన దగ్గర ఒక మెసేజ్‌ను ఒకసారి 5 చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయలేం, బాగా తిరిగిన మెసేజ్ అయితే ఒక్కదానికే. బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపడం) పెడితే మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని కొనుక్కున్న ప్రతి ఒక్కరినీ నంబర్ సేవ్ చేసుకోమని అడగండి. 2023 నుంచి చానెల్స్ కూడా ఉన్నాయి. ఊరి గ్రూపుల్లో, కులసంఘం గ్రూపుల్లో అడ్మిన్‌ను అడగకుండా లింక్ వేయొద్దు, ఒకసారి తీసేస్తే మళ్లీ చేర్చుకోరు.

ఇంకొకటి, లెక్క చూసుకోవాలి. వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు, సైట్‌కు ఎవరెవరు వచ్చారో లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో చాలావరకు ‘డైరెక్ట్’ కింద పడతారు. ఎక్కడి నుంచి వచ్చారో తెలియాలంటే లింక్ చివర యూటీఎం ట్యాగులు, అంటే ఏ దారిన వచ్చారో చెప్పే చిన్న గుర్తులు పెట్టాలి. వాట్సాప్‌కు ఒకటి, ఇన్‌స్టా బయోకు ఒకటి, స్టోరీకి ఇంకొకటి. ఎప్పుడూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయండి, పెద్ద అక్షరం పడితే వేరే లెక్కగా చూపిస్తుంది. నెల తరవాత దేని మీద సమయం పెట్టాలో మీకే కనబడుతుంది.

పేజీ అడ్రస్ తెలుగులో ఉంటే షేర్ చేసినప్పుడు పర్సెంట్ గుర్తులతో మూరెడు పొడుగు అవుతుంది. చూసినవాళ్లు వైరస్ లింక్ అనుకుని నొక్కరు. టైటిల్ తెలుగులో ఉంచి, అడ్రస్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా పెట్టండి.

పుట్టపాక మగ్గం:
అన్నా, అక్కా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. మా సైట్ అడ్రసులన్నీ తెలుగులోనే ఉన్నాయి! పాతవి మారిస్తే ఇప్పటికే పంపిన లింకులు పోతాయా? ఇంకో టెన్షన్ ఏంటంటే, లింక్ వాట్సాప్‌లో పెడితే చీర బొమ్మ రావడం లేదు, ఉత్త అక్షరాలు వస్తున్నాయి.

నకిరేకల్ డిజైనర్:
పాత అడ్రస్ నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెడితే లింకులు పోవు. 301 రీడైరెక్ట్ అని అడగండి, సైట్ చేసినవాళ్లకు తెలుస్తుంది. బొమ్మ రాకపోవడానికి కారణం ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (లింక్ షేర్ చేస్తే ఏ బొమ్మ, ఏ టైటిల్ చూపాలో చెప్పే కోడ్) లేకపోవడమో, బొమ్మ మరీ బరువుగా ఉండడమో. 1200 × 630 పిక్సెళ్ల సైజులో తేలికైన బొమ్మ ఒకటి ప్రతి పేజీకి పెట్టించండి. మార్చాక కూడా ఫేస్‌బుక్ పాత బొమ్మే చూపిస్తే వాళ్లదే షేరింగ్ డీబగ్గర్ అనే పేజీలో లింక్ వేసి మళ్లీ చదివించాలి. ఇది చిన్న పనే గానీ చాలా ముఖ్యం. బొమ్మ లేని లింక్‌ను మన చుట్టాలే నొక్కరు.

ఇన్‌స్టాగ్రామ్‌లో లింక్ నొక్కితే సైట్ దాని లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ యూపీఐ యాప్‌కు వెళ్లలేక పేమెంట్ ఆగిపోవడం నేను చాలా సైట్లలో చూశాను. అందుకని చీర పేజీలో వాట్సాప్ బటన్ కూడా ఉంచండి, మిర్యాలగూడ అన్న చెప్పింది అక్కడ పనికొస్తుంది.

నల్లమల దారి, అచ్చంపేట:
ఫేస్‌బుక్‌లో లింక్‌ను పోస్టులో పెట్టాలా, మొదటి కామెంట్‌లో పెట్టాలా అని అందరూ అడుగుతారు. నేను రెండూ చేస్తున్నాను, పెద్ద తేడా కనబడలేదు. దానికన్నా కామెంట్లలో ‘ధర ఎంత’ అన్నవాళ్లకు అదే చీర పేజీ లింక్‌తో జవాబివ్వు. హోమ్ పేజీ లింక్ ఇవ్వొద్దు, అక్కడికొచ్చి వెతుక్కోలేక వెళ్లిపోతారు.

గద్వాల అంచు:
అవును, అదే చేయండి. బతుకమ్మ చీరలకు అమెరికావాళ్లు ముందే చూస్తారు, చీర చేరడానికి టైం కావాలి కదా. శ్రావణంలోనే మొదలుపెట్టండి. మనకు పొద్దున అయితే వాళ్లకు రాత్రి, పనులు అయిపోయి ఫోన్ చూసే టైం. పొద్దునే పోస్టు చేయండి.

పుట్టపాక మగ్గం:
సరే అక్కా. ముందు ఆసు వీడియో తీస్తాను, అమ్మ ఒప్పుకుంది. అసలు ఇకత్ గుర్తుపట్టే పేజీకి రెండు వైపులా ఫోటోలు ఈ వారమే తీస్తా. నకిరేకల్ అన్నా, ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు ఉన్నాయో లేవో నేనే చూసుకోవచ్చా?

నకిరేకల్ డిజైనర్:
చూసుకోవచ్చు. కంప్యూటర్‌లో మీ పేజీ తెరిచి, రైట్ క్లిక్ చేసి పేజీ సోర్స్ తీయండి. అందులో ‘og:image’ అని ఇంగ్లిష్‌లో వెతకండి. దొరక్కపోతే స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి, రాత్రికి చూసి ఏం రాయాలో చెప్తాను.