అమరావతి: ఒక వ్యాసమా, నాలుగు వ్యాసాలా?

కృష్ణాతీరం
మన విజ్ఞాన సర్వస్వంలో అమరావతి వ్యాసం కలగాపులగంగా ఉంది. శాతవాహనుల నాటి నగరం ధాన్యకటకం, బౌద్ధ స్తూపం, అమరేశ్వరుడి గుడి ఉన్న ఊరు, 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని అన్నీ ఒకే "చరిత్ర" విభాగంలో ఉన్నాయి. రెండు వేల ఏళ్లుగా ఒకే నగరం నడుస్తోందనిపిస్తుంది చదివితే. ఎక్కడ విడగొట్టాలి? ఏ పేర్లు పెట్టాలి?

శాసనలిపి
విడగొట్టాల్సిందేనండీ. చూడాల్సినవి రెండు: స్థలం ఒకటేనా, జనావాసం తెగకుండా సాగిందా. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. ఊరు మారలేదు కాబట్టి వ్యాసం ఒకటే. ఇక్ష్వాకుల పాత రాజధాని విజయపురి నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. డ్యామ్ కోసం వెలిసిన విజయపురి సౌత్ వేరే చోట ఉంది. వాటికి రెండు వ్యాసాలు తప్పవు.

ఇక్కడ పాత నగరానికి "ధాన్యకటకం" అనే పేరు పెట్టండి. దాని కోట గోడల ఆనవాళ్లు పక్కనున్న ధరణికోటలో ఉన్నాయి. ధరణికోట ఇప్పటికీ జనమున్న ఊరు, దాని పేజీని ఇందులో కలిపేయకండి. ఇప్పటి అమరావతి ఊరు పెరిగింది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790ల్లో చింతపల్లి నుంచి అక్కడికి మారాక. ఆయన అక్కడ మొదలుపెట్టిన కట్టడాల ఇటుకల కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వితేనే స్తూపం బయటపడింది. అయితే ఊరి చరిత్ర అక్కడే మొదలైందని రాయకండి. 1182 నాటి, కోట వంశపు కేతరాజు శాసనం ధాన్యకటకాన్ని, అమరేశ్వరుణ్ణి, బుద్ధుడి చైత్యాన్ని కలిపి చెబుతుంది. అది రెండు వ్యాసాల్లోనూ ఉండాలి.

పటాలపెట్టె
అసలు చిక్కు రాజధానితో. 217 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతం తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో ఉంది. పాత అమరావతి అందులో లేదు, అది ఇంకా పడమర. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఊరు పల్నాడులోకి వెళ్లింది, రాజధాని గుంటూరులోనే ఉంది. అంటే "అమరావతి (గుంటూరు జిల్లా)" అని పాతరోజుల్లో పెట్టిన పేరు ఇప్పుడు చదివేవాళ్లని రాజధాని వైపు తీసుకుపోతుంది! "అమరావతి (గ్రామం)", "అమరావతి (రాజధాని)" అని పెడితే జిల్లా మారినా ఇబ్బంది లేదు. మహారాష్ట్ర నగరాన్ని కూడా మనం ఇలాగే రాస్తాం కాబట్టి అయోమయ నివృత్తి పేజీ (ఒకే పేరున్న వ్యాసాల జాబితా) తప్పనిసరి.

2011 జనాభా లెక్క ఊరిది. రాజధాని సమాచారపెట్టెలో అదే అంకె కనిపిస్తే వెంటనే తీసేయండి, అప్పటికి రాజధానే లేదు. అక్షాంశ రేఖాంశాలూ సరిచూడండి.

దారిమార్పు
పని వరస ముఖ్యం. ముందు "ఇక్కడికి లింకున్న పేజీలు" తెరిచి, శాతవాహన రాజుల వ్యాసాల లింకుల్ని ధాన్యకటకానికి, మంత్రివర్గ వార్తలవి రాజధానికి మార్చండి. పేజీ తరలింపు ఆ తర్వాతే. ముందే తరలిస్తే లింకులన్నీ దారిమార్పు (పాత పేరు నుంచి కొత్త పేజీకి పంపే ఏర్పాటు) మీదుగా తప్పు పేజీకి వెళ్తాయి, లేని పేజీల లింకుల్లా ఎర్రగా కనిపించవు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. పాఠ్యాన్ని కొత్త పేజీకి తెచ్చేటప్పుడు ఏ పేజీ నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో రాయండి, లేకపోతే రాసినవాళ్ల పేర్లు పోతాయి. ఊరి వ్యాసంలో పాతకాలం గురించి రెండు పేరాలు ఉంచి, "ప్రధాన వ్యాసం" లింకు ఇస్తే చాలు.

శాసనలిపి
ఇంకొకటి. 1859లో లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న శిల్పాల లింకు "అమరావతి స్తూపం" పేజీకే వెళ్లాలి. రాజధాని పేజీకి వెళ్తున్నవి చాలానే ఉన్నాయి, ముందు వాటిని దిద్దండి.