‘గౌడీ పైష్టీ చ...’ తరువాత ఏమిటి? బీరు, విస్కీల మైకేల్ జాక్సన్ గురించి రాస్తూ ఒక సందేహం

పాతపుస్తకం:
బీరు, విస్కీల మీద జీవితమంతా రాసి 2007 ఆగస్టు 30న లండన్‌లో కన్నుమూసిన యార్క్‌షైర్ పాత్రికేయుడు మైకేల్ జాక్సన్ గురించి (ఆ పాటగాడి గురించి కాదు) ఒక వ్యాసం రాస్తున్నాను. ధాన్యంతో చేసే మద్యాలన్నిటికీ కలిపి ఒక్క మాట కావలసి వచ్చింది. ‘గౌడీ పైష్టీ చ మాధవీ చ’ అని మనుస్మృతి పాదమొకటి నోట్లో ఆడుతోంది గానీ ఎక్కడో నడక తప్పుతోంది. ఇందులోని పైష్టి (పిండితో చేసే సుర) ఆయన రాసిన రెండు పానీయాలకూ చెల్లుతుందా?

గణయతి:
మాధ్వీ అనాలి. అనుష్టుప్పు పాదానికి ఎనిమిదే అక్షరాలు, మీ పాఠంలో తొమ్మిది పడ్డాయి. ‘విజ్ఞేయా త్రివిధా సురా’ (సుర మూడు విధాలని తెలియాలి) అన్న వెంటనే ద్విజోత్తములు తాగరాదన్న నిషేధం వస్తుంది. నివాళి వ్యాసంలో అక్కడిదాకా వెళ్లకండి.

కృష్ణాతీరం:
మాధవికి మద్యమన్న అర్థమూ నిఘంటువులలో ఉన్నది కనుక పాతపుస్తకం గారి జ్ఞాపకాన్ని ఛందస్సు ఒక్కటే తప్పుపట్టగలదు. నా అభ్యంతరం పైష్టి మీద. పిష్టమంటే పిండి. మాల్ట్ చేసేవారు బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, సరిగా మొలక సాగే వేళకు వేడి తగిలించి దానిని ఆపుతారు. స్కాట్లాండ్ ఐలా ద్వీపంలో ఆ ఆరబెట్టే మంటలో పీట్ (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడిన మట్టి) కాల్చడం వల్లనే అక్కడి విస్కీలకు ఆ పొగవాసన పడుతుంది. మర పట్టడం ఆ తరువాతి సంగతి. రాగి మాల్ట్ తాగని తెలుగిల్లు అరుదైన ఈ రోజులలో ‘మాల్ట్ మద్యం’ అంటే ఎవరికి అర్థం కాదు?

పాతపుస్తకం:
అర్థమవుతుంది గానీ చాలదు. బెల్జియం బీర్లకు లోకంలో గౌరవం తెచ్చినవారిలో జాక్సన్ ముందుంటారు. ఆయన ఎంతో మక్కువతో రాసిన అక్కడి బీరు లాంబిక్‌లో బార్లీ మాల్ట్‌తో పాటు మొలకెత్తించని గోధుమ కూడా పడుతుంది. కాచిన ద్రవాన్ని వెడల్పాటి తొట్టెలో రాత్రంతా తెరిచి ఉంచితే గాలిలోని ఈస్టే వచ్చి పులియబెడుతుంది. అటువంటి దానిని మాల్ట్ అన్న ఒక్క మాటలో ఎలా ఇరికించను?

గణయతి:
మనువు ముందు శ్లోకంలోనే ‘సురా వై మలమన్నానాం’ (సుర అన్నపు మలమే) అన్నాడు. సుర అంటేనే ధాన్యపు మద్యమని అక్కడే తేలిపోయింది. పైష్టి దాకా పోనక్కరలేదు.

ద్రాక్షాపాకం:
మీరందరూ జాక్సన్ చేసిన అసలు పనిని పక్కన పెట్టి పదార్థం చుట్టూ తిరుగుతున్నారు. 1977లో వచ్చిన ‘ది వరల్డ్ గైడ్ టు బీర్’లో ఆయన బీర్లను పుట్టిన ఊళ్లను, కాచే సంప్రదాయాలను బట్టి విడదీసి చూపారు, నేటికీ బీరు గురించి మాట్లాడేవారు ‘స్టైల్’ అంటే ఆ విభజనే పునాది. దానికి తెలుగు ‘రీతి’. అలంకారికుడు వామనుడు ‘రీతిరాత్మా కావ్యస్య’ (కావ్యానికి రీతే ఆత్మ) అన్నప్పుడు వైదర్భి, గౌడి, పాంచాలి అని దేశాల పేర్లే పెట్టాడు, అవి ఆ దేశాలలో పండే సరుకులు కావనీ చెప్పాడు. 1842లో పిల్జెన్‌లో మొదలైన పిల్స్‌నర్‌ను ఈనాడు ఎక్కడైనా కాస్తున్నారు, పేరు మాత్రం ఆ ఊరిదే.

కృష్ణాతీరం:
బాగుంది గానీ, మీ గౌడి గౌడదేశపు రీతి, మనువు గౌడి బెల్లపు సారా. ఒకే వ్యాసంలో రెండూ వస్తే పాఠకుడు ఏది తాగాలి, ఏది చదవాలి? మరో అలంకారికుడు దండిలాగా రీతిని ‘మార్గం’ అంటే ఈ గొడవ ఉండదు.

ద్రాక్షాపాకం:
దండి రెండు మార్గాలతోనే సరిపెట్టాడు, జాక్సన్‌కు అవి ఏ మూలకు? పైగా 1989 నాటి ‘మాల్ట్ విస్కీ కంపానియన్’లో ఆయన ఒక్కొక్క విస్కీకి నూటికి ఇన్ని అని మార్కులు వేశారు. మార్గాలు చూపేవాడు మార్కులు వేయడు. గుణదోష విచారణ చేసేవాడే వేస్తాడు.

పాతపుస్తకం:
బీరూ విస్కీ రెండూ ఒకే కలం కిందికి రావడంలో వింత లేదు. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) వేయని బీరు వంటి దానిని బట్టీ పట్టి, ఓక్ పీపాలలో మాగబెడితే మాల్ట్ విస్కీ అవుతుంది. అందుకే ఒక్క మాట వెతుకుతున్నాను. పైష్టి అనే ఉంచుతాను, కృష్ణాతీరం గారి పిండి అభ్యంతరానికి ఎవరైనా సమాధానం చెబితే.

గణయతి:
దానికంటే ముందు, మాధ్వి తేనె నుంచి వచ్చినదా, మధూకం నుంచి వచ్చినదా తేల్చండి. నా ఓటు ఇప్పపూవుకే.