కచేరీకి వెళ్లే ముందే నొప్పి మాత్ర: యాభై దాటినవాళ్లకు మంచిదేనా?

బీచ్‌రోడ్డు_55:
మన విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలైనా, సంగీత విభావరైనా గంటల తరబడి నిలబడక తప్పదు. కళాభారతిలో కచేరీ అయితే అంతసేపూ కుర్చీకి అతుక్కుపోవాలి. అందుకని బయల్దేరేటప్పుడే ఒక నొప్పి బిళ్ల మింగేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది సరైన పనేనా?

ఫార్మసీ_ఎంవీపీ:
డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ అయితే వద్దే వద్దండీ. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. మన ఊరి ఉక్కకు చెమట ఎలాగూ కారిపోతుంది. పైగా అక్కడ బాత్రూము దొరకదేమోనని ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బీపీ మాత్ర వాడేవాళ్లు దాని మీద డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటే కిడ్నీ దెబ్బతినే ముప్పు బాగా పెరుగుతుంది. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లకు ఐబూప్రొఫెన్‌తో మరో చిక్కు: అది ఆస్పిరిన్ పనికి అడ్డం పడగలదు, కడుపులో రక్తస్రావం ముప్పునూ పెంచుతుంది.

కచేరీప్రియ:
అదంతా నిజమే. కానీ మోకాళ్లు అరిగినవాళ్లను ఓర్చుకోమంటే ఇంట్లో కూర్చోమన్నట్టేగా? వాళ్లకు పారాసెటమాల్ 650 ఉంది. మొదలవడానికి ముప్పావుగంట ముందు వేసుకుంటే నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి. చాలా జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, కలిపి లెక్క చూసుకోవాలి. డైక్లోఫెనాక్ జెల్ ఇంకో దారి. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రాసిన చోట వేడి కాపడం పెట్టకూడదు, పైన గుడ్డ బిగించి కట్టకూడదు.

ఫిజియో_సిరిపురం:
ఇద్దరూ మాత్ర దగ్గరే ఆగిపోయారు. పిక్క కండరం కదిలితేనే కాళ్లలోని రక్తం సులువుగా పైకి వెళ్తుంది. కదలకుండా నిలబడితే అది కిందే నిలిచి కాళ్లు బరువెక్కి పీకుతాయి. ఏ మాత్రా దీన్ని మార్చలేదు. పది నిమిషాలకోసారి మడమలు ఎత్తి దించండి, పదిహేను సార్లు. బీచ్‌లో ఇసుకలోకి దిగకుండా రోడ్డు పక్క కాలిబాట మీదే ఉండండి. ఇసుకలో మడమ దిగబడిపోయి పిక్క లాగుతుంది.

మడత స్టూలు కొనేవాళ్లు ఎత్తు చూడాలి. అడుగు ఎత్తు స్టూలు మీద మోకాలు మరీ ముడుచుకుంటుంది, లేచేటప్పుడు భారమంతా దాని మీదే పడుతుంది. సగటు ఎత్తు మనిషికి 18 అంగుళాలు ఉండాలి.

హాల్లో వరస చివరి సీటు తీసుకోండి. మోకాలు ఎక్కువసేపు ముడిచి ఉంచితే చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఇరవై నిమిషాలకోసారి కాలు దారిలోకి చాపి, తొడ బిగించి ఐదు లెక్కపెట్టి వదలాలి. నడుం వంపులో చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. మెడ దగ్గర పెడితే లాభం లేదు.

బీచ్‌రోడ్డు_55:
మరి నీక్యాప్?

ఫిజియో_సిరిపురం:
నడిచేటప్పుడు సరే. కూర్చున్నాక తీసేయండి, మోకాలి వెనక బిగుసుకుని వాపు వస్తుంది.

ఫార్మసీ_ఎంవీపీ:
పారాసెటమాల్‌కు నా అభ్యంతరం లేదు. డైక్లోఫెనాక్ మాత్ర మీద మాత్రం మాట మార్చను. ఇంకొకటి: ఇంటికొచ్చాక ఒక్క కాలి పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పెడుతుంటే అది అలసట అనుకోవద్దు. నూనె రాసి మర్దనా చేయొద్దు. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే 108కి ఫోన్ చేయండి.