బౌవర్, బోర్, బాండ్: ఒకే ధాతువు పిల్లలు

బౌవర్ అనే జర్మన్ ఇంటిపేరుకు అర్థం ఏమిటని నిన్న ఒకరు అడిగారు. రైతు అని అర్థం. చదరంగంలో బంటుకూ జర్మన్‌లో అదే మాట. డచ్‌లో దీని తోబుట్టువు బోర్. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చివారి సంతతిని బోర్లు అన్నారు. 1899–1902 నాటి బోర్ యుద్ధానికి ఆ పేరు అలా వచ్చింది.

అసలు ధాతువులో సేద్యం లేదు, నివాసమే ఉంది. ఒకచోట ఇల్లు కట్టుకుని నిలిచినవాడు నేల దున్నాడు, రైతయ్యాడు. ఇంగ్లీషు ‘నైబర్’లో రెండో ముక్క ఇదే, మొదటి ముక్కకు దగ్గర అని అర్థం.

ఇక స్కాండినేవియా శాఖ. అక్కడి ప్రాచీన భాష అయిన పాత నార్స్‌లో బోండి అంటే సొంత నేల, సొంత ఇల్లు ఉన్న రైతు, గౌరవనీయుడు. స్వీడన్‌లో బోండె ఒక ప్రభువంశం పేరు. 15వ శతాబ్దిలో మూడుసార్లు రాజైన కార్ల్ క్నూట్సన్ ఆ వంశంవాడే. ఇంగ్లీషు ‘హజ్బెండ్’ కూడా ఈ బోండి నుంచే వచ్చింది: ఇంటి యజమాని అని. అదే ఇంగ్లండులో 1066 నార్మన్ విజయం తరువాత భూమి ప్రభువుల చేతికి పోయింది, ‘బాండ్’ అంటే దొర పొలానికి కట్టుబడిన దాసుడయ్యాడు. ‘బాండేజ్’ పుట్టింది ఈ దాసుడి నుంచే. బంధించడం అనే అర్థం గల మరో బాండ్‌తో కలగలిసి ఇంకా బిగుసుకుంది. బాండ్ అనే ఇంటిపేరుకు మూలమూ ఈ రైతే. డచ్, జర్మన్ వైపు నుంచి వచ్చిన ‘బూర్’కైతే ఇంగ్లీషులో మోటు మనిషి అనే అర్థమే మిగిలింది. నేల పోయిన చోట మాటకూ మర్యాద పోయిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంటిపేర్లలో ఇంకొన్ని: దక్షిణ జర్మనీలో నొయ్‌బౌవర్, ఉత్తరాన నీబూర్, రెండూ ‘కొత్త రైతు’లే. అరేబియాలో పర్యటించి 1763లో బొంబాయి చేరిన యాత్రికుడు కార్‌స్టెన్ నీబూర్ పేరు ఇదే. గనుల మీద ప్రసిద్ధ గ్రంథం (1556) రాసిన గెయోర్గ్ బౌవర్ మాత్రం ఆనాటి పండితుల ఆనవాయితీ ప్రకారం పేరును లాటిన్‌లోకి మార్చుకుని అగ్రికోలా అయ్యాడు.

— అయితే మన భవనం, భూమి కూడా ఈ కుటుంబానివేనా అండీ?

— అవునండీ, సంస్కృతంలోని ‘భూ’ ధాతువు దీనికి దాయాది. కానీ భవనం, భూమి తెలుగులోకి సంస్కృతం ద్వారా వచ్చిన తత్సమాలు. తెలుగు ద్రావిడ భాష కనుక మనకు జర్మన్‌తో నేరుగా చుట్టరికం లేదు. అచ్చతెలుగులో చూడాలంటే కాపు, కాపురం చూడండి. ఒకటి సేద్యం చేసేవాడు, రెండోది నివాసం. బౌవర్‌తో దీనికి రక్తసంబంధం ఏమీ లేదు, అయినా రెండు చోట్లా నివాసమూ సేద్యమూ జంటగానే కనిపిస్తాయి.