పులి చిమ్మటా, మేడి రెక్కల పురుగా?

పర్లాకిమిడి నుంచి:
వరండా లైటు దగ్గర గోడకి ఈ పురుగు అంటుకుని ఉంది, ఫోటో పెట్టాను. ముందు రెక్కలు గోధుమ రంగు, వాటి మీద లేత రంగు ఈనెలు, మధ్యలో ఒక తెల్ల చుక్క. రెక్క మొదట్లో నారింజ రంగు పట్టీ, అందులో నల్ల చుక్కలు. కాస్త కదిలిందంటే పసుపు వెనక రెక్కలు, వాటి మీద నల్ల మచ్చలు కనిపిస్తున్నాయి. పురుగుల సంగతి తెలిసినవాళ్లు అసోటా కరికే అన్నారు, ఇంగ్లిషులో ట్రాపికల్ టైగర్ మాత్ అట. బడి గోడపత్రికకి తెలుగు పేరు కావాలి. ఒకరు 'ఉష్ణమండల వ్యాఘ్ర శలభం' అని రాసిచ్చారు. పిల్లలు పురుగుని చూసి భయపడరు గానీ ఈ పేరు చూసి జడుసుకుంటారు.

బరంపురం నుంచి:
పులి చిమ్మట అనేయండి, సరిపోతుంది.

గుణుపురం నుంచి:
మా ఇంట్లో చిమ్మట అంటే రాత్రంతా రొద పెట్టేది. తెలుగు బైబిల్లో చిమ్మెట బట్టలు తినేది. శలభం అంటే మంటలో పడేదని మనం అనుకుంటాం, సంస్కృతంలో మిడతకీ అదే మాట. ఇక మా వీధి పిల్లలు ఒడియాలో దీన్నీ ప్రజాపతి అనే అంటారు, అంటే సీతాకోకచిలుక. ఏ మాట పట్టుకున్నా ఏదో ఒక పేచీ ఉంది.

రాయగడ నుంచి:
మాస్టారూ, చిమ్మట సంగతి తర్వాత, ముందు పులిని తీసెయ్యండి. అసలైన టైగర్ మాత్‌లది ఆర్క్టీనే అనే ఉపకుటుంబం. మీ ఫోటోలోది అగనైనే. రెండూ ఎరెబిడే కుటుంబంలోవే గానీ శాఖలు వేరు. ఇంగ్లిషువాళ్లు రంగులు చూసి పులి అన్నారు. దాన్ని మనం తెలుగులోకి దించుకుంటే వాళ్ల పొరపాటు కూడా మనతోపాటే వస్తుంది.

అసలు పులి జాతివి మన రైతులకి ఎప్పటినుంచో తెలుసు. వేరుశనగని ఊడ్చేసే ఎర్ర గొంగళి పురుగు అలాంటిదే. జనుము చేలో తెల్ల రెక్కల మీద ఎరుపూ నలుపూ చుక్కలతో ఎగిరేది ఇంకొకటి. దాని పిల్ల పురుగు జనుములోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. వీటిలో దేన్నీ మనవాళ్లు పులి అనలేదు. తెలుగులో పురుగుకి పేరు పెట్టేది ఎక్కువగా అది తినే పంటని బట్టి, చేసే పాడుని బట్టి. పొగాకు లద్దె పురుగు, కాయతొలుచు పురుగు, ఆకుముడత. వంగి వంగి నడుస్తుందని ఆముదం మీది పురుగుకి దాసరి పురుగు అని పెట్టారే, అంత చక్కటి పేరు ఏ శాస్త్రవేత్త పెట్టగలడు? రెక్కలొచ్చాక అన్నీ రెక్కల పురుగులే, లేదా తల్లి పురుగులు. వ్యవసాయ కరపత్రాల్లో ఇప్పటికీ అలాగే రాస్తారు.

అసోటా పిల్ల పురుగులు మేడి, బొమ్మమేడి లాంటి చెట్ల ఆకులు తింటాయి. 1775లో ఫాబ్రిసియస్ పెట్టిన కరికే అనే పేరు వెనక ఉన్న లాటిన్ మాటకి అర్థం కూడా అత్తిపండే. కాబట్టి 'మేడి రెక్కల పురుగు' అనండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి వ్యాఘ్ర శలభం అని రాస్తే ఎలా?

బరంపురం నుంచి:
మేడి పురుగు అనగానే అందరికీ పొట్ట విప్పి చూసే పద్యమే గుర్తొస్తుంది. పండులోవి వేరు, ఇవి వేరు కదా?

రాయగడ నుంచి:
వేరే. పండులో ఉండేవి మేడిపూలకి పరాగం మోసే చిన్న చిన్న కందిరీగలు. అందుకే 'రెక్కల' అన్న మాట వదలొద్దు. ఇంకొకటి, అసోటా ఫైకస్ అని దీనికి దగ్గర చుట్టం ఉంది, అదీ మేడి జాతి చెట్ల మీదే. దాని ముందు రెక్కలో చుక్క బదులు తెల్ల గీత సాగి ఉంటుంది. మీది చుక్కే గనుక 'చుక్క మేడి రెక్కల పురుగు' అంటే రెండిటికీ తేడా తెలుస్తుంది.

పర్లాకిమిడి నుంచి:
బావుందండీ, అదే రాయిస్తాను. రెక్కలపురుగు కలిపి రాయాలా, విడిగానా?

గుణుపురం నుంచి:
విడిగానే రాయండి. మూడో తరగతి వాళ్లు కూడబలుక్కుని చదవాలి కదా.