చెల్కలో దగ్గర దగ్గరగా పత్తి పెడితే గిట్టుబాటా?

చెల్క_రైతు, వర్ధన్నపేట:
అధిక సాంద్రత పద్ధతిలో పత్తి వేయమని సార్లు చెబుతున్నారు. సాలుకు సాలుకు 80 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20. ఎకరాకు 25 వేల మొక్కలు. మేం వేసే 90-60 అచ్చులో (సాలుకు 90, మొక్కకు 60) 7,400 మించవు. ఎకరం చెల్క (తేలిక ఎర్రనేల), బోరు ఉంది. వేయొచ్చా?

రేగడి_పరకాల:
వద్దన్నా. రెండు ప్యాకెట్ల విత్తనం సరిపోయే చోట ఐదు కావాలి. 2025లో బీజీ-2 (కాయ పురుగును తట్టుకోవాలని చేసిన బీటీ పత్తి) ప్యాకెట్ 901 రూపాయలు, అంటే 2,700 అదనం. అది పోనీ, అసలు దెబ్బ గుంటుక (ఎడ్లతో తోలి గడ్డి తీసే పనిముట్టు) దగ్గర. ఇప్పుడు నిలువు, అడ్డం రెండు దిక్కులా తోలుకుంటున్నాం. 20 సెంటీమీటర్ల సందులో అడ్డం ఎట్లా తోలుతావు? సాలులో గడ్డి కూలీలతోనే తీయించాలి. వారం ముసురు పట్టిందంటే చేను గడ్డి పాలే.

పాత_విస్తరణాధికారి:
గుంటుక మాట నిజమే, కాదనను. విత్తనం ఖర్చు మాత్రం పెద్దది కాదు. 2025-26లో పొడవు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110, మూడోవంతు క్వింటాలుతో తీరిపోతుంది. రేగడికైతే (నల్లనేలకైతే) నేనూ చెప్పను, అక్కడ మొక్క ఏపుగా పెరిగి చేను గుబురైపోతుంది. చెల్కలో మొక్క ఎట్లాగూ పెద్దగా ఎదగదు. 25 వేల మొక్కలకు ఎనిమిదేసి కాయలు, కాయకు 4 గ్రాములు వేసుకున్నా 8 క్వింటాళ్లు. పాత అచ్చులో అంతే రావాలంటే మొక్కకు 27 కాయలు నిలవాలి. అన్నిటికన్నా ముఖ్యం కాయను తొలిచే గులాబీ పురుగు. బీజీ-2కు అది లొంగడం మానేసింది. దగ్గర దగ్గరగా వేస్తే కాయలన్నీ ఒక్కసారే వస్తాయి కాబట్టి డిసెంబర్‌కల్లా ఏరేసి కట్టె పీకేస్తే ఆఖరి కాపు మీద పడే పురుగుకు తిండే ఉండదు. బోరు ఉంది కదా, ఆ తడిలో మక్కో నువ్వులో వేసుకోవచ్చు.

రేగడి_పరకాల:
లెక్క బాగుంది సార్. కాయలన్నీ ఒక్కసారే పగిలితే ఏరేదెవరు? కూలీలు దొరికేలోపు వాన పడితే? తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. ఇక వరంగల్ ఎనుమాముల మార్కెట్లో వ్యాపారి చెప్పిందే ధర. ఏరే మిషన్ ఊళ్లోకి వచ్చాక మాట్లాడదాం.

చెల్క_రైతు, వర్ధన్నపేట:
అన్న టెన్షన్ అర్థమైంది. ఇంట్లో నలుగురం ఏరుకోగలం కాబట్టి అర ఎకరం వేస్తా, మిగతాది పాత అచ్చే. ఎత్తు పెరగకుండా కొట్టే మెపిక్వాట్ క్లోరైడ్ ఎప్పుడు కొట్టాలి సార్?

పాత_విస్తరణాధికారి:
45 రోజులప్పుడు ఒకసారి, 65 అప్పుడు ఇంకోసారి, లీటరు నీళ్లకు 1 మి.లీ. చేను బెట్టకొచ్చి ఉంటే మాత్రం కొట్టకు తమ్మీ, వాన పడి మొక్క తేరుకోనివ్వు.