బార్ అసోసియేషన్ కార్యదర్శి పదవికి పోటీ చేయాలా, ఏకగ్రీవానికి ఒప్పుకోవాలా?

ప్రశ్న – కోనసీమ వకీలమ్మ

నమస్కారం. కోనసీమలో ఒక చిన్న ఊరి కోర్టులో పద్నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఊరి పేరు చెప్పను. చెబితే రేపు కోర్టు మొదలయ్యే లోపే బార్ హాలులో ఎవరో ఒకరు దీన్ని పైకి చదివి వినిపిస్తారు. మాకు సీనియర్ సివిల్ జడ్జి కోర్టు ఒకటి, దాన్నే సబ్ కోర్టు అంటాం. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఒకటి, అదే మేజిస్ట్రేటు కోర్టు. న్యాయవాదులం సుమారు తొంభై మంది. ఆడవాళ్లం పదకొండు మందిమి. రోజూ గౌను తగిలించుకుని వచ్చేది ఆరుగురమే.

మా అసోసియేషన్‌కు ఏటా ఎన్నికలు. అంటే ఏటా ఏకగ్రీవం అని అర్థం. మార్చి చివర్లో ఒక సాయంత్రం నలుగురైదుగురు సీనియర్లు ఎవరింట్లోనో కూర్చుంటారు. ఈసారి ఎవరి వంతు, పోయినసారి ఏ వర్గానికి ఏది దక్కింది, సబ్ కోర్టు వైపు ఎవరు, మేజిస్ట్రేటు కోర్టు వైపు ఎవరు అని లెక్కలు వేసుకుంటారు. మర్నాడు హాలులో పేర్లు చదువుతారు. చప్పట్లు, పూతరేకులు, ఫొటో. కాగితాలు ఆ తరవాత తీరిగ్గా రాసుకుంటారు.

ఈసారి కార్యదర్శిగా నిలబడతానని పోయిన వారం చెప్పాను. అందరూ నిశ్శబ్దమైపోయారని అనను. మా హాలు ఫ్యాను చప్పుడులో నిశ్శబ్దానికి చోటు లేదు. నా గురువుగారి స్నేహితులు, డెబ్బై దాటిన పెద్దాయన, పక్కకు పిలిచి, ‘అమ్మా, మహిళా ప్రతినిధి పదవి నీకే అనుకున్నాం కదా, ఇప్పుడు ఈ గొడవ ఎందుకు?’ అన్నారు. ఆయన చెడ్డవారు కారు. నా మొదటి దావా డ్రాఫ్టు దిద్దిపెట్టింది ఆయనే.

మహిళా ప్రతినిధి పదవి రెండుసార్లు చేశాను. మార్చి 8న కేకు కోయడం, కొత్త జడ్జి గారు వచ్చినప్పుడు పూలగుత్తి అందించడం. అంతకు మించి ఎవరూ ఏమీ అడగరు, మనం అడిగితే వినరు.

నేను అడగాలనుకున్నవి పెద్ద విషయాలేమీ కాదు. ఆడవాళ్ల మరుగుదొడ్డి తాళం కోర్టు ఆఫీసులో ఎవరి సొరుగులో ఉందో రోజూ వెతుక్కోవాలి. లైబ్రరీలో తీర్పుల సంపుటాలు 2016 దగ్గర ఆగిపోయాయి. వకాల్తా మీద అంటించే సంక్షేమ నిధి స్టాంపులు మా దగ్గర అసోసియేషనే అమ్ముతుంది, ఆ లెక్క మూడేళ్లుగా సర్వసభ్య సమావేశం ముందుకు రాలేదు. పోయిన ఏడాది ఏదో ఒక కారణంతో పంతొమ్మిది రోజులు విధులు బహిష్కరించాం. వాటిలో నాలుగింటికి కారణం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

హాలు గోడకు ఒక నల్ల చెక్క ఉంది. దాని మీద తెల్ల రంగుతో 1958 నుంచి అధ్యక్షులు, కార్యదర్శుల పేర్లు రాసి ఉన్నాయి. ఆడ పేరు ఒక్కటీ లేదు. ఇక మూడు వరసలకే చోటు మిగిలింది. ఇది రాస్తున్నప్పుడు చిన్నపిల్లలా అనిపిస్తోంది కానీ, కోర్టుకు వెళ్లిన ప్రతిరోజూ ఆ ఖాళీ వైపే చూస్తాను.

భయం కూడా ఉంది. నాకు వచ్చే పనిలో సగం సీనియర్లు అప్పగించేదే. ‘ఓడిపోతే ఏమవుతుంది?’ అని మావారు అడిగారు. ఓడిపోతే ఏమీ కాదు. గెలిచి, ఆ సీనియర్లనే లెక్కలు అడగాల్సి వస్తేనే కష్టం.

పోటీ చేయమంటారా? చేస్తే ఏమి చెప్పి ఓటు అడగాలి? బహిష్కరణ తీర్మానం ముందుకొస్తే కార్యదర్శి ఏమి చేయగలరు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


జవాబు – గౌను విప్పేసినవాడు

అమ్మా, పశ్చిమ గోదావరి వైపు ఒక తాలూకా కోర్టులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి మానేశాను. రెండుసార్లు అధ్యక్షుణ్ని. మొదటిసారి ఏకగ్రీవం. రెండోసారి పోటీ, పదకొండు ఓట్లతో గట్టెక్కాను. నీకు చెప్పగలిగింది ఏమైనా ఉంటే అది ఆ రెండోసారి నేర్చుకున్నదే.

మన గోదావరి వకీళ్లకు ఎన్నికలంటే మోజు కొత్తది కాదు. ప్రకాశం పంతులు గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉండగానే మునిసిపల్ చైర్మన్ అయ్యారు, బారిష్టరు చదువు ఆ తరవాతే. కాబట్టి నిలబడటం తప్పు అని నీతో ఎవరైనా అంటే వాళ్లకు సొంత బార్ చరిత్ర తెలియదన్న మాట.

ఏకగ్రీవంలో ఒక చిక్కుంది. తొంభై మంది ఎన్నుకున్నట్టు కాగితం చెబుతుంది కానీ నీకు పదవి ఇచ్చింది ఐదుగురు. జడ్జి గారి ఛాంబర్లోకి వెళ్లి ‘మా సభ్యుల అభిప్రాయం ఇది’ అని చెప్పేటప్పుడు గొంతు పలచబడుతుంది. ఎవరి అభిప్రాయమో నీకు తెలుసు, ఆయనకూ తెలుసు. పోటీలో గెలిచాక అదే గదిలోకి వెళ్తే అదే మాట వేరుగా పలుకుతుంది.

ఇక బహిష్కరణ. మొదటిసారి నేను అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఒక సభ్యుడికీ బెంచి గుమాస్తాకూ మాటా మాటా పెరిగింది. ఒక్కరోజు కోర్టుకు వెళ్లవద్దని తీర్మానించాం. ఆ ఒక్కరోజు తొమ్మిది రోజులైంది. ఆరో రోజు నా కక్షిదారు ఒకావిడ మనోవర్తి కేసులో సాక్ష్యం చెప్పడానికి నరసాపురం అవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. మేము వేపచెట్టు కింద షామియానాలో కూర్చున్నాం, నా మెడలో కండువా. ఆవిడ స్టీలు క్యారేజీ ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా వరండాలో కూర్చుంది. వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చి, ‘ప్లీడరు గారూ, మీ గొడవ తీరిందా అండీ?’ అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. మా గొడవ తీరితే తన గొడవ మొదలవుతుందని.

నీకు తెలిసిన తీర్పే, కానీ తీర్మానం రాసే రోజున ఎవరికీ గుర్తుండదు. 2002 డిసెంబరులో హరీశ్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని చెప్పింది. బార్ గౌరవమో, న్యాయవ్యవస్థ స్వతంత్రతో నిజంగా దెబ్బతిన్న అరుదైన సందర్భంలో అయితే ఒక్కరోజు దూరంగా ఉంటే కోర్టులు చూసీచూడనట్టు పోవచ్చంది. దానికీ ముందుగా అధ్యక్షుడు వెళ్లి జిల్లా జడ్జితో మాట్లాడాలి. పిలుపును కాదని కోర్టుకు వెళ్లిన సభ్యుడి మీద అసోసియేషన్ చర్య తీసుకోకూడదు. 2023 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు, వకీళ్ల ఫిర్యాదులు వినడానికి హైకోర్టు స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ కమిటీలు పెట్టమని హైకోర్టులకు చెప్పింది. కార్యదర్శివి అయితే నువ్వు చేయగలిగింది ఇక్కడే ఉంది. తీర్మానం రాసేది నీ చెయ్యి. ‘జిల్లా కమిటీకి ఫిర్యాదు పంపామా? పంపిన తేదీ ఏమిటి?’ అని అడిగి, ఆ తేదీ మినిట్స్ పుస్తకంలో రాసే దాకా కలం మూత తీయకు. సగం బహిష్కరణలు ఆ ప్రశ్న దగ్గరే చల్లారతాయి.

అలాగని నేను పెద్ద నియమపాలకుణ్ని కాదు. భూ హక్కుల చట్టం మీద 2023 డిసెంబరులో రాష్ట్రమంతా వకీళ్లు కోర్టులు వదిలి రోడ్డెక్కినప్పుడు, ప్రాక్టీసు మానేసినవాణ్నై ఉండీ నేనూ శిబిరంలో కూర్చున్నాను. పొలం తగాదాలో రైతు సివిల్ కోర్టుకు వచ్చే దారినే మూసేసే చట్టం అది. 2024లో రద్దయింది. అప్పుడు కూర్చున్నందుకు ఇవాళ్టికీ బాధ లేదు. సుప్రీంకోర్టు మాటకూ దీనికీ ఎలా పొసగిస్తావు అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ వారాల్లోనూ ఎవరో ఒకావిడ క్యారేజీ పట్టుకుని వచ్చే ఉంటుంది.

చివరిగా స్టాంపుల సంగతి. గెలిచిన మొదటి వారంలో ఆ పెట్టె తెరిపించి, ఇద్దరి ఎదుట లెక్కపెట్టించు. మా దగ్గర అది బిస్కెట్ల రేకు డబ్బా. రెండోసారి గెలిచాక తెరిస్తే స్టాంపుల కంటే చీటీలే ఎక్కువ. ‘రేపు ఇస్తాను’ అని ఒకటి, ‘వకాల్తాకు ఐదు తీసుకున్నాను’ అని ఒకటి, సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసింది ఒకటి. మొత్తం పదిహేడు వేల పైచిలుకు తేలింది. దొంగతనం ఎవరూ చేయలేదు, అందరూ స్నేహితులే. మూడు చీటీల మీద సంతకం నాదే. ముందు నా డబ్బు కట్టి రశీదు గోడకు అంటించాను, అప్పుడు మిగతావాళ్లను అడగ్గలిగాను. నీ చీటీ ఏమైనా ఉంటే నామినేషన్ వేయకముందే తీర్చేసెయ్యి.


జవాబు – భీమవరం జూనియర్

అక్కా, నిలబడండి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. 2024 మేలో సుప్రీంకోర్టు తన ముంగిట్లో ఉన్న సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ గురించి చెబుతూ, కార్యవర్గంలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలంది. ఆ ఏడాదికి కోశాధికారి పదవిని మహిళకే కేటాయించింది. 2025 జనవరిలో బెంగళూరు అసోసియేషన్‌కు కూడా కోశాధికారి పదవి గురించి అదే చెప్పింది. ఆ ఆదేశాలు మన ఊళ్ల బార్లకు నేరుగా వర్తించవు, నాకు తెలుసు. కానీ అక్కడ మహిళల చేతికి ఇచ్చింది ఖజానా తాళం, కేకు కోసే కత్తి కాదు. మీ పెద్దాయనకు ఈ ముక్క చెప్పండి.


జవాబు – లంక రైతు

నేను వకీలును కాదు. కక్షిదారును. నా బోటివాళ్లకు ఈ చర్చలో చోటు ఉందో లేదో తెలియదు కానీ రాస్తున్నాను.

2022 జూలై వరదకు మా లంకలో గట్టు కోసుకుపోయి సర్వే రాళ్లు గోదావరిలో కలిశాయి. పక్క రైతుకూ నాకూ హద్దు తగాదా. అప్పటి నుంచి కోర్టు. వాయిదాకు రావాలంటే ఆరింటికి ఇంట్లో బయలుదేరి, రేవు దగ్గర పడవ ఎక్కి, అవతల ఆటో పట్టుకోవాలి. ఆ రోజు కొబ్బరి దింపు ఉంటే కూలీలకు వేరే రోజు చెప్పుకోవాలి. తీరా వస్తే వకీలు గారు చొక్కాకు నల్లబ్యాడ్జీ పెట్టుకుని ‘ఇవాళ లేదు’ అంటారు. ముందు రోజు ఒక ఫోను చేస్తే ఏమి పోతుంది?

2011లో కోనసీమ రైతులం పంట విరామం ప్రకటించాం. గిట్టుబాటు లేక విసిగి సార్వా వేయడం మానేశాం. అందులో నేనూ ఉన్నాను. కానీ అప్పుడు బీడు పెట్టుకున్నది మా పొలం. మీరు విరామం ప్రకటిస్తే బీడు పడేది మా కేసు.

అమ్మా, మీరు గెలిస్తే బహిష్కరణ మానమని అడగను. ముందు రోజు సాయంత్రం అయిదింటికి కోర్టు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, గుమాస్తాలతో కబురు చేయించండి. నాకు ఓటు లేదు, అయినా అడుగుతున్నాను.


జవాబు – రెండుసార్లు ఎన్నికల అధికారి

నిలబడాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను చెప్పేది ఓటరు జాబితా గురించి. జాబితా గోడకు అంటించిన రోజునే సగం ఎన్నిక అయిపోతుంది. చందా బకాయి ఉన్నవాళ్లకు ఓటు లేదని మీ నిబంధనల్లో ఉందేమో చూడండి. ఉంటే, చివరి రోజు ఇరవై మంది బకాయిలు ఒకే చేతిరాతతో రాసిన రశీదుల మీద తీరిపోతాయి. అది ఏ పోటీదారు చేతిరాతో అందరికీ తెలుస్తుంది, ఎవరూ అభ్యంతరం చెప్పరు. మీరు చెప్పండి, లిఖితపూర్వకంగా.

రెండోది, ఒకే మనిషి అమలాపురంలోనూ మీ ఊళ్లోనూ ఓటు వేస్తున్నారేమో చూడండి. ‘ఒక వకీలుకు ఒకే బార్‌లో ఓటు’ అన్న నియమాన్ని 2011లో కౌశిక్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. మీ బార్ నిబంధనల్లో అలాంటిది లేకపోయినా, వేరే చోట ఓటు వేయడం లేదని సభ్యుల దగ్గర ప్రకటన తీసుకోమని అడగవచ్చు. మీ తొంభైలో రోజూ వచ్చేవాళ్లు ఎందరు? ఆ లెక్క ముందు వేసుకోండి.


మళ్లీ కోనసీమ వకీలమ్మ

అందరికీ కృతజ్ఞతలు. రోజూ వచ్చేవాళ్లు యాభై రెండు మంది. లెక్కపెట్టాను.

గౌను విప్పేసిన పెద్దాయన గారు చెప్పినట్టు స్టాంపుల పెట్టె సంగతి ముందు నా వైపు నుంచి చూసుకున్నాను. రెండు చీటీలు ఉన్నాయి. ఒకటి 2021ది, నాకు అసలు గుర్తే లేదు. డబ్బు కట్టేశాను.

రైతు గారూ, మీ జవాబు మా గుమాస్తాకు చదివి వినిపించాను. ‘మన కక్షిదార్ల నంబర్లన్నీ నా ఫోనులో ఉన్నాయి మేడమ్, చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు’ అన్నాడు. పన్నెండేళ్లుగా నా దగ్గరే పనిచేస్తున్నాడు. చెప్పాల్సింది నేనే.

నిన్న నామినేషన్ వేశాను. ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఇన్నేళ్లలో ముందుగా ఎవరూ అడగలేదు కాబట్టి అచ్చు వేయించలేదన్నారు. తెల్ల కాగితం మీద రాసిచ్చాను. ఒక జూనియర్ ప్రతిపాదించాడు, మా ఆరుగురిలో ఒకావిడ బలపరిచింది. కాగితం బల్ల మీద ఉండగా గురువుగారి స్నేహితులు వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివారు. ‘నీకు ఓటు వేయను. కానీ బలపరిచినావిడ సభ్యత్వ సంఖ్య రాయలేదు. పరిశీలనలో కొట్టేస్తారు’ అని తన కలమే ఇచ్చారు.

రాసి, రశీదు అడిగాను. రశీదు పుస్తకం కోశాధికారి గారి ఇంట్లో ఉందట. రేపు తెస్తారట.